అండ్ దెన్, టీచర్?

మొన్న మనవరాలు హాల్లో కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటోంది. వంటింట్లో ఉన్న నా ముక్కుకు ఆ ఘాటు తగలగానే హనుమకొండ సుబేదారిలో కోర్టు దగ్గరుండే, కాగితాలకు నకళ్లు తీసే సైక్లోస్టైల్ షాపు కళ్లముందుకొచ్చింది. గోళ్ల రంగుకూ కోర్టుకూ ఏం సంబంధమంటారా? స్టెన్సిల్ మీద తప్పు పడితే దిద్దడానికి ఒక చిన్న సీసా దొరికేది. లోపల ఎర్రటి ద్రవం, మూతకే కుంచె. తప్పు మీద ఒక పూత పూసి, ఉఫ్ఫని ఊది, ఆరాక దాని మీదే మళ్లీ రాయాలి. అచ్చం ఇదే వాసన.

సర్కారు బడిలో ఇంగ్లిష్ చెప్పే రోజుల్లో రాత్రి వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలకు పంచే కథ రాయడానికి స్టెన్సిల్ ముందేసుకుని కూర్చునేదాన్ని. మైనం పూసిన పల్చటి కాగితం అది. కింద పలక పెట్టి, ఇనుప మొన ఉన్న కలంతో రాస్తే అక్షరం మేర మైనం లేచిపోయేది. ఇంకు దిగేది ఆ సందుల్లోంచే. తేలిగ్గా రాస్తే అచ్చు పడదు, గట్టిగా రాస్తే చిరుగుతుంది. అన్నిటికన్నా తిప్పలు ‘ఓ’ అక్షరంతో. గుండ్రంగా చుట్టి రాగానే మధ్యలో ముక్క ఊడి చేతికొచ్చేది. అందుకే నా కథల కాగితాల్లో సగం ‘ఓ’లు నల్లటి చుక్కలే.

షాపాయన రోజంతా అఫిడవిట్లు, నోటీసులు తీసేవాడు. హ్యాండిల్ తిప్పుతూనే పైకొచ్చిన కాగితం చదవడం ఆయనకు అలవాటు. ఓసారి ఓ. హెన్రీ కథ మొదటి సగం తీసుకెళ్లాను. అదే, 1905లో వచ్చిన ‘గిఫ్ట్ ఆఫ్ ది మేజై’. చేతిలో ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు మాత్రమే ఉన్న భార్య డెల్లా క్రిస్మస్ ముందురోజు ఏడుస్తూ కూర్చుంటుంది కదా, అంతవరకే.

“టీచరమ్మా, ఈ ఆడామె మీద కేసేంది?” అన్నాడు.

“కేసు కాదన్నా, కథ.”

“మరి పైసలు లెక్కపెట్టుకుంట ఎందుకేడుస్తాంది?”

“మిగతాది వచ్చే వారం తెస్తా.”

“వచ్చే వారం దాంక నేనాగాల్నా?” అని మిషన్ ఆపేశాడు. ముగింపు చెప్తేనే మిగతా కాగితాలు తీస్తానన్నాడు. నేను చెప్పలేదు. పిల్లల కంటే ముందు ఆయనకెలా చెప్తాను? చివరికి సణుక్కుంటూనే తీసిచ్చాడు గానీ, వారం తిరక్కముందే “రెండో ముక్క రాసినవా” అని మనిషితో కబురు పెట్టాడు.

*

మా చిన్నప్పుడు కథల ఇంగ్లిష్ అంటే నాన్‌డిటైల్, పాఠాల పుస్తకంతో పాటు ఉండే కథల పుస్తకం. ఆ మాట వినగానే నా వయసువాళ్లకు గైడు అట్ట రంగు కూడా గుర్తొస్తుంది. మేముండేది వరంగల్‌లో ఆజంజాహి మిల్లు దగ్గర. 1934లో, నిజాం కాలంలో పెట్టిన మిల్లు. బాపు అక్కడ మగ్గాల మీద పనిచేసేవాడు. సైరన్ కూతను బట్టే అమ్మ పొయ్యి వెలిగించేది, మేం బడికి బయల్దేరేవాళ్లం. ఆయన ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా తెల్లటి పత్తి నూగు ఉండేది.

బడిలో ఇంగ్లిష్ సారు ఒక వాక్యం చదివేవారు, తెలుగులో అర్థం చెప్పేవారు, మళ్లీ ఇంకో వాక్యం. కథ మొత్తం మాకు తెలుగులోనే తెలిసేది. ఆ తర్వాత ‘పాయింట్లు’ రాయించేవారు, బట్టీ పట్టేవాళ్లం. పరీక్షలో కథ వాక్యాలను అటూ ఇటూ కలిపి ఇచ్చి వరసలో పెట్టమనేవారు. దానికి కథ తెలిస్తే చాలు, ఇంగ్లిష్ రాకపోయినా మార్కులొచ్చేవి. ఆ సారును తప్పుపట్టను. తరగతిలో మేం కిక్కిరిసి ఉండేవాళ్లం, ఆయన గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోయేది.

అసలు కథల రుచి నాకు తగిలింది హనుమకొండలో. సెలవుల్లో అమ్మమ్మ వాళ్లింటికి పోతే మా మామయ్య రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి తీసుకెళ్లేవాడు. 1904లో పెట్టిన గ్రంథాలయం. మామయ్య పేపర్లలో మునిగిపోతే నేను పాత చందమామలు ముందేసుకునేదాన్ని. ముందు బేతాళ కథే చదివేదాన్ని. శవాన్ని భుజాన వేసుకుని రాజు నడుస్తుంటే బేతాళుడు కథంతా చెప్పి, చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు కదా. అక్కడ నేను పుస్తకం మూసేసి, గోడకానుకుని నా జవాబు నేను అనుకున్నాకే మళ్లీ తెరిచేదాన్ని. నా జవాబు, రాజు జవాబు ఒకటి కాకపోతే రాజుదే తప్పని తేల్చేదాన్ని.

*

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ట్రైనింగుకు హైదరాబాద్ సీఫెల్‌కు పంపారు. ఇంగ్లిష్ బోధన కోసం 1958లో పెట్టిన సంస్థ, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. తార్నాకలో పెద్ద పెద్ద చెట్లు, చల్లటి లైబ్రరీ. మాలాంటి జిల్లా టీచర్లం మొదట నోరు తెరవడానికే జంకాం. మా ఉచ్చారణను దిద్దే క్లాసులు చాలా జరిగాయి. అవి నాకు పెద్దగా అంటలేదు, ఈ వయసులో నాలుక తిరగదు. నాకు పట్టింది వేరే సంగతి. ఒక మేడమ్ మాకు కథ చదివి వినిపిస్తూ సరిగ్గా మలుపు దగ్గర కాగితం బల్ల మీద బోర్లించి, “ఇప్పుడేమవుతుంది?” అన్నారు. మేమంతా పోటీలు పడి చెప్పాం. జంకు ఎటుపోయిందో తెలియదు. పక్కనున్న నల్లగొండ సారుతో “ఇది మన బేతాళుడి పద్ధతే కదా” అన్నాను.

అక్కడి లైబ్రరీలోనే మైకేల్ వెస్ట్ గురించి చదివాను. 1920లలో ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ నడిపిన ఇంగ్లిష్ ఆయన. బెంగాలీ పిల్లల రీడర్లలో ఎప్పుడో గానీ వాడని మాటలు గుట్టలుగా ఉంటున్నాయని గమనించి, ఎక్కువగా వాడే మాటలతోనే కథలు తిరగరాయడం మొదలుపెట్టాడు. తర్వాత 1953లో సుమారు 2000 మాటలతో ఒక జాబితా కూడా వేశాడు. నాకది చదవగానే ధైర్యమొచ్చింది. ఓ. హెన్రీ లాంటి రచయిత ఇంగ్లిష్‌ను ఉన్నది ఉన్నట్టుగా మా తొమ్మిదో తరగతికి పెడితే మొదటి పేరాలోనే చతికిలబడతారు. కథ ఓ. హెన్రీదే, మాటలు మాత్రం మా పిల్లలకు అందేవి. అలా రాత్రిళ్లు కూర్చుని కథలు కుదించడం మొదలైంది. కొత్త మాటలు పేజీకి నాలుగైదుకు మించనిచ్చేదాన్ని కాదు. ఆ ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లను మాత్రం ముట్టుకోలేదు, దాన్ని కదిలిస్తే కథ పోతుంది.

కథ ఒక్క కూర్చుండులో చదవడం అయిపోవాలని ఎడ్గార్ అలన్ పో 1842లోనే రాశాడు. మాకు ఒక్క కూర్చుండు అంటే నలభై అయిదు నిమిషాల పీరియడ్. అందులో హాజరుకు, కిటికీలోంచి మేక వస్తే తోలడానికి, “టీచర్, వీడు నన్ను గిచ్చిండు”కు పోను మిగిలింది ఎంతో మీరే లెక్కేసుకోండి.

*

మా బడి జమ్మికుంట వైపు. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కితే హసన్‌పర్తి దాటాక ఉప్పల్‌లో దిగాలి. హైదరాబాద్ ఉప్పల్ కాదు, మా ఉప్పల్. రామగుండం వైపు నుంచి బొగ్గు గూడ్సు వస్తోందంటే మా బండిని పక్కకు తోసేవారు. ఆ ఆగిన సమయమంతా నాదే. జామకాయల గంపల మధ్య కూర్చుని ఆ రోజు కథ ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గీత పెట్టుకునేదాన్ని. ఎదుటి సీట్లో టీచర్లు డీఏ ఎంత పెరుగుతుందో లెక్కలేస్తుండేవారు.

మా పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ ఎదురయ్యేదే హైస్కూల్లో. కానీ కథ వినడం వాళ్లకు ఒకరు నేర్పాలా? ఒగ్గు కథలు తెల్లవార్లూ విని పెరిగిన పిల్లలు. ఊ కొట్టకపోతే అవ్వలు కథ ఆపేస్తారని తెలిసినవాళ్లు. నేను ఇంగ్లిష్‌లో కథ మొదలుపెట్టగానే వెనక బెంచీలోంచి “ఊ...” అని వినిపించింది. అలవాటుకొద్దీ అన్నాడు పాపం, అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. “ఊ కొట్టు. కాకపోతే ‘అండ్ దెన్’ అని కొట్టు” అన్నాను. ఇక అదే మొదలు. నేను ఒక వాక్యం చెప్పి ఆగితే చాలు, క్లాసంతా “అండ్ దెన్, టీచర్?” అనేది. దారిలో పశువులు కాసుకునే ముసలాయన కూడా ఓ రోజు నన్ను చూసి “అండదెన్ టీచరమ్మ” అన్నాడు. నా అసలు పేరు ఆ ఊళ్లో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

పత్తి ఏరే రోజులొస్తే సగం బెంచీలు ఖాళీ. రెండు రోజులు చేనుకు, ఒక రోజు బడికి. పాఠమైతే తెగిపోయేది గానీ కథ తెగేది కాదు. నిన్న వచ్చినవాళ్లు నిన్న రానివాళ్లకు కథ చెప్పాలి, ఇంగ్లిష్‌లోనే చెప్పాలి, చేతులు తిప్పినా సరే, బొమ్మ గీసినా సరే. నిజంగా తెలియనివాడికి చెప్పడం కాబట్టి సిగ్గుపడే తీరిక ఉండదు. గ్రామర్ పీరియడ్‌లో ఎన్నిసార్లు రాయించినా ఎక్కని ‘సోల్డ్’, ‘బాట్’, ‘కట్’ అక్కడ ఊరికే నోటికొచ్చేవి. డెల్లా జుట్టు కట్ చేయించుకోవాలి, సోల్డ్ అనాలి, గొలుసు బాట్ అనాలి, లేకపోతే కథ ముందుకు కదలదు.

*

ఆ డెల్లా కథ రోజు చెప్పాలి.

భర్త జిమ్ గడియారానికి గొలుసు కొనడం కోసం ఆమె తన పొడుగాటి జుట్టును ఇరవై డాలర్లకు అమ్ముకుంటుంది. అతనేమో ఆమె జుట్టుకు దువ్వెనలు కొనడం కోసం ఆ గడియారాన్నే అమ్మేసి వస్తాడు. జుట్టు అమ్ముకోవడమంటే మా ఆడపిల్లలకు వింతేం కాదు. సైకిల్‌కు స్టీలు గిన్నెలు కట్టుకుని, దువ్వెనలో ఊడిన వెంట్రుకల ఉండలకు పిన్నీసులు, గాలి బుగ్గలు ఇచ్చేవాడు వారం వారం ఊళ్లోకి వచ్చేవాడు. గూట్లో ఆ ఉండలు దాచని ఇల్లు లేదు. కాబట్టి ముందు బేరం దగ్గరే గొడవ మొదలైంది. ఇరవై డాలర్లు తక్కువ, మోసపోయిందని కొందరు. అంత పొడుగు జడకు పెద్ద బిందె వస్తుందని ఇంకొకరు.

నేను ముగింపు చెప్పేశాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారని అడిగాను. మగపిల్లలు డెల్లా అన్నారు, ఆడపిల్లలూ డెల్లానే అన్నారు. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఏడాది మొదట్నుంచి నా క్లాసులో ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడలేదు. లేచి నిలబడింది. జడను ముందుకు లాగి పట్టుకుని, “టీచర్, హెయిర్ కమ్. వాచ్ నో కమ్” అంది.

క్లాసంతా ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒకటే రచ్చ. నిజమే కదా, జుట్టు మళ్లీ పెరుగుతుంది, తాత నాటి గడియారం మళ్లీ వస్తుందా? ఒకడు లేచి “మనీ కమ్, వాచ్ కమ్” అన్నాడు. ఆ పిల్ల తగ్గలేదు. “దట్ వాచ్ నో కమ్” అంది. వ్యాకరణం నేను మర్నాడు బోర్డు మీద చూసుకున్నాను. ఆ పూట మాత్రం సుద్దముక్క పట్టుకోలేదు. గైడులో ఆ కథకు ‘నిజమైన ప్రేమ త్యాగాన్ని కోరుతుంది’ లాంటి జవాబు ఒకటి ఉండేది. దానికోసం ఎవరూ ఎప్పుడూ లేచి నిలబడలేదు.

*

అప్పట్నుంచి నేను కథను ఎంచుకునే పద్ధతి మారింది. చక్కటి భాష ఉందా, నీతి ఉందా అని చూడలేదు. పిల్లలు కొట్లాడుకుంటారా లేదా, అంతే.

టాల్‌స్టాయ్ 1886లో రాసిన భూమి కథ అందుకు బ్రహ్మాండంగా పనికొచ్చింది. పొద్దున బయల్దేరి పొద్దుగూకేలోపు కాలినడకన ఎంత చుట్టి వస్తే అంత భూమి నీదే అంటారు పాహోం అనే రైతుతో. మొదలుపెట్టిన చోటికి తిరిగి రాకపోతే కట్టిన వెయ్యి రూబుళ్లు పోయినట్టే. గుంటల లెక్క నోటికొచ్చిన పిల్లలు మావాళ్లు, నలభై గుంటలైతే ఎకరమని ఎక్కాలకన్నా ముందు నేర్చినవాళ్లు. పాహోంను వాళ్లు రెండో రోజుకే, భూమి లెక్కలు రాసే కాగితం పేరుతో, ‘పహాణీ’ అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ కథ తిరిగి చెప్పే వంతు ఒక కురుమ పిల్లవాడికి వచ్చింది. వాళ్ల పెద్దనాయినలు ఒగ్గు చెప్పేవాళ్లు. కొమురవెల్లి మల్లన్న జాతర రోజుల్లో వాడు బడికే వచ్చేవాడు కాదు, వాళ్లతో పోయేవాడు. ఆలేరు, జనగామ వైపు చుక్క సత్తయ్య పేరు చెప్తే జనం బండ్లు కట్టుకుని వచ్చే కాలం. వీడు కూడా ఆయనలాగే భుజాన తువ్వాలు వేసి ముందుకొచ్చాడు. నా బల్లే డోలు. పక్కన ఒక దోస్తును వంతకు నిలబెట్టుకున్నాడు.

“పాహోం వాకింగ్!” దబదబా రెండు దెబ్బలు. “అండ్ దెన్?” అంటాడు వంత. “గుడ్ ల్యాండ్! వాంట్!” “అండ్ దెన్?” “వాంట్! వాంట్! వాంట్!” గంతు. “సన్ గోయింగ్! పాహోం రన్నింగ్!” ఇక అక్కడ్నుంచి వాడు నిజంగానే బెంచీల మధ్య ఉరికాడు. చెమటలు కక్కుతూ వచ్చి నా కుర్చీ ముందు పడ్డాడు. వంతవాడు వంగి చూసి, “పాహోం డెడ్. సిక్స్ ఫీట్, ఓన్లీ” అన్నాడు.

హెడ్‌మాస్టరు సారు కొట్లాటేమో అనుకుని బెత్తం పట్టుకుని వచ్చారు. చివరి వరకూ తలుపు దగ్గరే నిలబడిపోయారు.

చనిపోయినవాడు లేచి, దుమ్ము దులుపుకుంటుండగానే వాదన మొదలు. అత్యాశ అని ఎవరైనా అంటారని చూశాను. ఒక పట్టేదారు కొడుకు అన్నది వేరే. “టీచర్, నో పట్టా. రన్నింగ్ వేస్ట్.”

తనిఖీకి వచ్చిన ఒకాయన సంగతి కూడా చెప్పి తీరాలి. చెకోవ్ రాసిన పందెం కథ సగంలో ఉన్నాం. ఆయన వచ్చి ముందు బెంచీ పిల్లవాణ్ని లేపి, “వాట్ ఈజ్ ద మోరల్ ఆఫ్ ద స్టోరీ?” అన్నారు. వాడు బుద్ధిగా చేతులు కట్టుకుని, “నో మోరల్ సర్. స్టోరీ నాట్ ఫినిష్డ్” అన్నాడు. ఆయన రిజిస్టరులో ‘సిలబస్ వెనకబడి ఉన్నది’ అని రాసి పోయారు.

*

ఇప్పుడు తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఒకటో తరగతి దగ్గర్నుంచే ఇంగ్లిష్ మీడియం వచ్చింది. మంచిదే. మా కాలంలో అలా ఉంటే బాగుండేదనుకున్న తల్లిదండ్రులను చాలామందిని చూశాను. నా బాధల్లా ఒకటే. లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్తున్నాం కదా, ఇక కథలెందుకని ఎక్కడో పక్కన పెట్టేస్తారేమోనని. మనవరాలి ఫోన్‌లో కథల యాప్ ఉంది. బొమ్మలు బాగుంటాయి, గొంతు తియ్యగా ఉంటుంది, ఎక్కడా ఆగదు. ఆగమని నేనంటే “అమ్మమ్మా, అది ఆటోప్లే” అంటుంది.

ఆ పందెం కథ ఆ బడిలో నేను పూర్తిచేయలేదు. మధ్యలోనే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. కొన్నేళ్ల కిందట మా తమ్ముడు మిర్చి అమ్మకానికి తెస్తే తోడుగా ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. బస్తాల గుట్టల మధ్య ఆ కోరు గొంతులో దిగి దగ్గుతుంటే, ఒక అడ్తి దుకాణం గుమస్తా మంచినీళ్లు తెచ్చిచ్చి ముఖంలోకి చూశాడు. “టీచర్! అండ్ దెన్?” అన్నాడు. మీసాలొచ్చాయి, పొట్టొచ్చింది, గుర్తుపట్టలేకపోయాను.

“బ్యాంకాయన తాళంచెవి పట్టుకుని రాత్రిపూట గదిలకు పోయిండు. గాడ ఆపిన్రు మీరు. లాయరు బతికిండా, సచ్చిండా?”

ఇరవై లక్షల రూబుళ్ల పందెం అది. పదిహేనేళ్లు ఒంటరిగా గదిలో ఉంటే డబ్బు లాయరుకు. రేపు గడువు తీరుతుందనగా, దివాలా తీసే స్థితిలో ఉన్న బ్యాంకరు అతణ్ని చంపేద్దామని వెళ్తాడు. అక్కడ ఒక చీటీ దొరుకుతుంది. నాకు మీ డబ్బు వద్దు, గడువుకు అయిదు గంటల ముందే వెళ్లిపోతాను అని. అన్నట్టే వెళ్లిపోతాడు.

“పదిహేనేండ్లు కూసోని, అయిదు గంటల ముందు పోతడా? నేన్నమ్మ టీచర్. నో. నెవర్.”

బస్తా మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్న హమాలీ అంతా విన్నాడు. “గా చీటీ లాయరు రాసిండని ఎవలు చెప్పిన్రమ్మా? గా సేటే సంపి, సేటే రాసుకున్నడు” అన్నాడు.

ఇన్నేళ్లు చెప్పాను ఆ కథ, ఇంకో రెండు బడుల్లో కూడా చెప్పాను. ఎవరూ అనని మాట. తేరుకుని, “లేదయ్యా, అతను కిటికీలోంచి దిగి గేటు దాటి పోవడం కాపలావాళ్లు చూశారు. పొద్దున్నే వచ్చి చెప్పారు కూడా” అన్నాను.

హమాలీ పొగ వదిలి, గుమస్తా వైపు ఓసారి చూసి, మళ్లీ నావైపు తిరిగాడు.

“కాపలోల్లకు జీతమిచ్చేటిదెవలమ్మా?”